సర్కారు లెక్క... సంసారం లెక్క

మా సీమలో డబ్బుని ‘లెక్క’ అంటాం. ‘చేతిలో లెక్క లేదు’ అంటే చిల్లిగవ్వ లేదని. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా ఏ పల్లెలో అయినా వినపడే మాటే ఇది. ఆలోచిస్తే ఎంత బాగుందో! డబ్బంటేనే లెక్క. దేనికెంత పోయిందో చెప్పలేకపోతే మన ఇళ్ళలో ఊరుకుంటారా? ఉప్పుకీ పప్పుకీ కూడా లెక్క అడుగుతారు. మరి మగవాడు సాయంత్రం పూట తాగి వచ్చిన లెక్క ఎవరు అడగాలి? ఆ డబ్బులో సగానికి పైగా పన్నుల రూపంలో పుచ్చుకునే గవర్నమెంటుని ఎవరు అడగాలి?

ఈ ప్రశ్న ఇవాళ్టిది కాదు. కొత్తగా ప్రభుత్వం పెట్టుకున్న చోట తొలినాళ్ళలోనే ఈ గొడవ వచ్చిన సందర్భాలున్నాయి. డిగ్రీలో చరిత్ర చదువుకున్నదాన్ని కాబట్టి, మా అమ్మాయికి పాఠం చెప్పే వంకతో అమెరికా తొలినాళ్ళ చరిత్ర మళ్ళీ తిరగేశాను. చదువుతుంటే మన కర్నూలు కథే చదువుతున్నట్టు అనిపించింది.

అప్పులతో కొత్త కాపురం

అమెరికా స్వతంత్రం తెచ్చుకున్నాక, కొత్త రాజ్యాంగం ప్రకారం జార్జి వాషింగ్టన్ తొలి అధ్యక్షుడైంది 1789లో. అప్పటికి ఆ ప్రభుత్వం పరిస్థితి అప్పులతో కొత్త కాపురం పెట్టిన ఆలుమగల్లాంటిది. యుద్ధం కోసం చేసిన అప్పులు మెడ మీద ఉన్నాయి. రాష్ట్రాలు చేసిన అప్పులు కూడా కేంద్రమే నెత్తిన వేసుకోవాలని ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ పట్టుబట్టాడు. దక్షిణాది వాళ్ళు ఒప్పుకోలేదు. 1790లో థామస్ జెఫర్సన్ ఇంట్లో భోజనాల దగ్గర బేరం కుదిరింది. అప్పుల సంగతికి మీరు ఒప్పుకుంటే, రాజధాని మీ వైపు పొటోమాక్ నది ఒడ్డుకి వస్తుందన్నారు. వాషింగ్టన్ నగరం పుట్టింది అలాగే!

అప్పు నెత్తికెత్తుకున్నారు సరే, తీర్చడం ఎలా? 1791లో విస్కీ మీద సుంకం వేశారు. దేశంలో తయారయ్యే సరుకు మీద ఆ ప్రభుత్వం వేసిన మొదటి పన్ను అదే. పెన్సిల్వేనియా పడమటి కొండల అవతల ఉన్న చిన్న రైతులు భగ్గుమన్నారు. ఎందుకంటే ధాన్యాన్ని గుర్రాల మీద కొండలు దాటించి అమ్మితే రవాణాకే సరిపోదు. అదే ధాన్యాన్ని విస్కీగా కాస్తే మోత తక్కువ, ధర ఎక్కువ. నగదు దొరకని ఆ పల్లెల్లో కూలి కూడా విస్కీగానే ఇచ్చేవాళ్ళు. పెద్ద బట్టీల వాళ్ళకి గాలనుకి పన్ను తక్కువ పడే వీలుంది, చిన్నవాళ్ళకి ఎక్కువ. 1794లో పన్ను అధికారి ఇల్లు తగలబెట్టారు. వాషింగ్టన్ దాదాపు 13 వేల మంది సైన్యాన్ని పిలిపించి, తనే గుర్రమెక్కి కొంతదూరం వాళ్ళతో నడిచాడు. తిరుగుబాటు అణిగింది. జెఫర్సన్ అధ్యక్షుడయ్యాక 1802లో ఆ పన్ను తీసేశారు.

ఇంత గొడవలో ‘పన్ను ఎవరు కట్టాలి’ అన్న మాటే గానీ, ‘తాగుడు వల్ల ఇంట్లో ఏమవుతోంది’ అన్న మాట పెద్దగా చర్చకి రాలేదు. ఎలా వస్తుంది? అడగాల్సిన వాళ్ళకి ఓటే లేదు. ఒక్క న్యూజెర్సీలో మాత్రం సొంత ఆస్తి ఉన్న ఒంటరి ఆడవాళ్ళు కొన్నేళ్ళు ఓటు వేశారు. 1807లో అదీ తీసేశారు. పెళ్ళయితే ఆమె సంపాదన మొగుడిదే, ఆస్తీ మొగుడిదే. అమెరికా ఆడవాళ్ళందరికీ ఓటు అని రాజ్యాంగంలో రాయడానికి 1920 దాకా పట్టింది!

గుడారాల్లో సర్కారు

ఇప్పుడు మన సంగతి. పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలాక, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు. అదీ బేరంతో వచ్చిందే. 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు ‘శ్రీబాగ్’లో కోస్తా వాళ్ళూ సీమ వాళ్ళూ కూర్చుని, రాజధాని, హైకోర్టు రెంటిలో ఏది కావాలో సీమవాళ్ళే కోరుకోవచ్చని ఒప్పందం రాసుకున్నారు. సీమ రాజధాని కోరుకుంది. హైకోర్టు గుంటూరుకి పోయింది.

పదకొండు జిల్లాల రాష్ట్రానికి సరిపడా భవనాలు కర్నూల్లో ఎక్కడివి? ఆఫీసులు కొన్ని గుడారాల్లో పెట్టారు. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు గారు. మద్రాసు నుంచి విడిపోయి వస్తూ తెచ్చుకున్న సామానులో మద్యనిషేధం కూడా ఉంది. రాజాజీ 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన నిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పాకింది. అంటే కొత్త రాష్ట్రానికి కల్లు, సారా మీద వచ్చే ఆదాయం లేదన్నమాట.

నిషేధం వల్ల కష్టపడ్డవాళ్ళూ ఉన్నారు. తాటిచెట్టు ఎక్కి బతికే గీతకార్మికుల కుటుంబాలకి కూడు పోయింది. ఆ ఇళ్ళలోనూ ఆడవాళ్ళున్నారు, పిల్లలున్నారు. వాళ్ళ తరఫున గౌతు లచ్చన్న గారు పోరాడారు. దొంగసారా కేసుల్లో జైలుకి పోయిందీ ఎక్కువగా బీదవాళ్ళే. ప్రభుత్వం వేసిన రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తేయమని చెప్పింది. ప్రకాశం గారి మంత్రివర్గం అందుకు సిద్ధపడలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్క ఓటు తేడాతో మన తొలి ప్రభుత్వం పడిపోయింది!

అమెరికాలో విస్కీ పన్ను కోసం సైన్యం కదిలింది. కర్నూల్లో మద్యనిషేధం మీద మంత్రివర్గమే కూలింది. రెండుచోట్లా వాదించుకున్నది ఖజానా గురించి, బతుకుతెరువు గురించి. అవి చిన్న విషయాలని నేను అనను. కానీ మూడో లెక్క ఒకటుంది. సంసారం లెక్క. అది కర్నూల్లోనూ పెద్దగా వినపడలేదు, అప్పటికే మన ఆడవాళ్ళకి ఓటు ఉన్నా కూడా.

నల్లమల అవతల నుంచి

ఆ లెక్క వినిపించింది నల్లమల అవతల, నెల్లూరు జిల్లా దూబగుంటలో. 1992లో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు, వాచకంలో ‘సీతమ్మ కథ’ చదివారు. తాగుడు పాడుచేసిన సంసారం కథ అది. మన కథే కదా అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ లాంటి వాళ్ళు ముందుండి ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ కబురు ఊరూరా పాకి, సారా వేలంపాటలే ఆగిపోయేదాకా పోయింది. అప్పటిదాకా ‘వారుణివాహిని’ పేరుతో సర్కారే సారా ప్యాకెట్లు పల్లెలకి పంపించేది మరి!

చివరికి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆంధ్రరాష్ట్రం పుట్టి సరిగ్గా నలభై ఏళ్ళయిన రోజు. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి గారు మన కర్నూలు జిల్లా ఆయనే. 1994 డిసెంబరులో ఎన్టీ రామారావు గారు గెలిచి రాగానే సంపూర్ణ నిషేధం అన్నారు. 1995 జనవరిలో అమలైంది. 1997లో ఎత్తేశారు. కారణం ఏమిటంటారా? మళ్ళీ ఖజానాయే! ఆ తర్వాత 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, 2024 అక్టోబరు నుంచి తిరిగి ప్రైవేటు వాళ్ళకి ఇచ్చారు. కౌంటర్లో కూర్చునేవాళ్ళు మారారు గానీ కౌంటరు మారలేదు.

మా వీధి మాట

మా కొత్తపల్లెలో మిరప కోతలకి వెళ్ళే ఒకావిడ నాతో చనువుగా ఉంటుంది. ఈ చరిత్రంతా చెప్పి, ‘షాపు మూయిస్తే బాగుంటుందా?’ అని అడిగాను.

“మూస్తే మావోడు మానేస్తాడా అక్కా? పక్కూరికి పోయి తాగొస్తాడు. పెట్రోలు ఖర్చు ఎక్కువ!” అని నవ్వింది. కాసేపాగి అంది: “మూస్తారో మూయరో నాకు తెల్దు. నా కూలి లెక్క నా చేతికి రావల్ల. అదొక్కటి చెప్పమను.”

ఆమె మాటలో నిజముంది. నిషేధం పెడితే నాటుసారా వస్తుంది. ఎత్తేస్తే ఇల్లు గుల్లవుతుంది. పెట్టాలా వద్దా అని తేల్చడం నాలాంటి గృహిణి వల్ల అయ్యే పని కాదు. కానీ లెక్క రాయడం మన వల్ల అవుతుంది. రోజుకి నూట యాభై రూపాయలు తాగుడికి పోతున్నాయనుకుందాం. ఏడాదికి 54,750 రూపాయలు! అది ఒక పిల్ల కాలేజీ చదువు కావచ్చు, రెండు పాడి గేదెల్లో ఒకటి కావచ్చు. ఎక్సైజు ఆదాయం ఎంతో బడ్జెట్టు పుస్తకంలో ఏటా అచ్చవుతుంది. ఈ 54,750 మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు.

నెల్లూరు ఆడవాళ్ళు సారా మాన్పించి ఊరుకోలేదు. మిగిలిన డబ్బులోంచి రోజుకో రూపాయి చొప్పున పొదుపు చేశారు. మన వైపు, కర్నూలు నుంచి నంద్యాల వచ్చే దారిలో ఓర్వకల్లు పొదుపు సంఘాల పేరు వినని వాళ్ళుండరు. అంటే మన చేతిలో సంఘాలున్నాయి, ఓటుంది, పంచాయతీల్లో సగం సీట్లున్నాయి. 1794 నాటి పెన్సిల్వేనియా రైతు భార్యకి ఇందులో ఒక్కటీ లేదు.

కాబట్టి అక్కచెల్లెళ్ళారా, ఈసారి సంఘం మీటింగులో ఒక్క పని చేద్దాం. పేర్లు రాయక్కర్లేదు, పరువు పోతుందన్న భయం వద్దు. మన వీధిలో నెలకి ఎంత డబ్బు తాగుడికి పోతోందో తలా ఒక చీటీ రాసి కుండలో వేద్దాం. అన్నీ కూడి, ఆ మొత్తాన్ని గ్రామసభలో చదివి మినిట్స్ పుస్తకంలో రాయమందాం. పన్ను వసూలుకి పుస్తకం ఉన్నప్పుడు, పోయినదానికి ఒక్క పేజీ అయినా ఉండొద్దూ? ఏమంటారు?