అపహరణ నేరం – నిరూపణ

మన ఇతిహాసాలలో అపహరణ వృత్తాంతాలు కొత్తవి కావు. రామాయణంలో రావణుడు సీతను, మహాభారతంలోని అరణ్యపర్వంలో సైంధవుడు ద్రౌపదిని అపహరించారు. ఆ కథలు వినేవారికి నేరం జరిగిందా, లేదా అన్న సందేహం కలగదు. కవి సర్వమూ కన్నులకు కట్టినట్లు వర్ణిస్తాడు. న్యాయస్థానంలో అటువంటి కవి ఉండడు. అక్కడ సాక్ష్యమే నేరాన్ని చెప్పాలి. శిక్ష ఎంత కఠినమైనదో, నిరూపణ కూడా అంత సమగ్రంగా ఉండాలి. డబ్బు కోసం చేసే అపహరణ విషయంలో ఈ సూత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో మొదట ఈ నేరానికి ప్రత్యేకమైన సెక్షన్ లేదు. 1993లో 364-ఎ సెక్షన్‌ను చేర్చారు. 1995లో దాని పరిధిని విస్తరించి, విదేశీ ప్రభుత్వాలనూ అంతర్జాతీయ సంస్థలనూ లొంగదీయడానికి చేసే అపహరణలను కూడా అందులోకి తెచ్చారు. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహితలోని 140వ సెక్షన్, రెండవ ఉపసెక్షన్ వర్తిస్తుంది. ఈ నేరానికి మరణశిక్ష గాని, యావజ్జీవ కారాగార శిక్ష గాని విధించవచ్చు. దానితోపాటు జరిమానా కూడా ఉంటుంది. అంతకంటె తక్కువ శిక్షకు ఈ ఉపసెక్షన్‌లో అవకాశం లేదు.

ఈ నేరం రుజువు కావాలంటే మూడు అంశాలు నిరూపితం కావాలి. మొదటిది అపహరణ, లేదా అపహరించిన వ్యక్తిని నిర్బంధంలో ఉంచడం. పదునెనిమిదేండ్లు నిండని వారిని సంరక్షకుల సమ్మతి లేకుండా తీసుకొనిపోతే, ఆ బాలుడో బాలికో ఇష్టపడి వెళ్ళినా అది నేరమే. పెద్దల విషయంలో బలప్రయోగమో, మోసమో జరిగినట్లు చూపాలి. రెండవది ప్రాణభయం. చంపుతాననో, గాయపరుస్తాననో బెదిరించి ఉండాలి. లేదా అట్టి భయం సహేతుకంగా కలిగేటట్లు ప్రవర్తించి ఉండాలి. లేదా నిజంగానే గాయపరచడమో, చంపడమో జరిగి ఉండాలి. మూడవది ఉద్దేశం. డబ్బు ఇప్పించుకోవడానికో, ప్రభుత్వాన్నో మరొకరినో ఏదైనా పనికి నిర్బంధించడానికో ఇదంతా చేసి ఉండాలి. డబ్బు చేతులు మారకపోయినా నేరం నేరమే.

ఈ మూడింటిలో రెండవ అంశాన్ని తేలికగా తీసుకొనే ప్రమాదం ఉంది. డబ్బు అడిగాడంటే బెదిరించినట్లే కదా అని లోకం అనుకొంటుంది. చట్టం అలా అనుకోదు. తెలంగాణకు చెందిన ఒక కేసులో 2021లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి నిదర్శనం. ఒక ఆటో డ్రైవరు బడి పిల్లవాణ్ణి తీసుకొనిపోయి, తండ్రిని రెండు లక్షల రూపాయలు అడిగాడని అభియోగం. సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష విధించగా, హైకోర్టు దానిని ఖాయపరచింది. సుప్రీంకోర్టు సాక్ష్యాన్ని పరిశీలించి, అపహరణ రుజువైందని అంగీకరించింది. కాని చంపుతానని గాని, గాయపరుస్తానని గాని బెదిరించినట్లు సాక్ష్యం లేదు. నిందితుడు తనను బాగానే చూసుకొన్నాడని బాలుడే చెప్పాడు. అందువల్ల 364-ఎ సెక్షన్ కింద విధించిన శిక్షను రద్దు చేసి, సాధారణ అపహరణ నేరానికి ఏడేండ్ల కారాగార శిక్ష విధించింది.

ఈ తీర్పు నేరస్థుణ్ణి విడిచిపెట్టలేదన్నది గమనార్హం. రుజువైన నేరానికి తగిన శిక్ష పడింది; రుజువు కాని నేరానికి పడలేదు. బిడ్డ కోసం తల్లడిల్లిన తల్లిదండ్రులకు ఈ భేదం కష్టంగా తోచవచ్చు. కాని ఒక మనిషి జీవితకాలాన్ని, లేదా ప్రాణాన్నే తీసుకొనే శిక్షను ఊహపై ఆధారపడి విధించరాదు. రేపు తప్పుడు అభియోగంలో చిక్కుకొన్న నిర్దోషిని రక్షించేదీ ఈ నియమమే.

దీనినుంచి పౌరులు గ్రహించవలసినది ఒకటి ఉంది. ఇట్టి ఆపద వచ్చినప్పుడు వెంటనే పోలీసులకు తెలపాలి. డబ్బెంత అడిగారో చెప్పడంతో సరిపెట్టక, ఏ మాటలతో ఎలా బెదిరించారో కూడా మొదటి ఫిర్యాదులోనే వివరంగా చెప్పాలి. ఫోనులోని సందేశాలను, రికార్డులను చెరిపివేయరాదు. వాటి నకళ్ళను కోర్టులో సమర్పించేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతపరచవలసి ఉంటుంది. కుటుంబం అనుభవించిన భయం ఎంత నిజమైనదైనా, అది సాక్ష్యంగా నమోదైనప్పుడే న్యాయమూర్తి దానిని లెక్కలోకి తీసుకోగలడు.