భంగు తాగేముందు తింటే మత్తు తగ్గుతుందా?

శివరాత్రికి కాశీ వెళ్లొచ్చినవాళ్లు, హోలీకి ఉత్తరాది స్నేహితుల ఇళ్లకు వెళ్లినవాళ్లు రెండు రకాల మాటలు చెబుతుంటారు. గంజాయి ఆకు నూరి పాలలో కలిపే భంగును ఉపవాసంతో తాగితే నెత్తికెక్కి కూర్చుందని ఒకరు. కడుపునిండా పూరీలు తిన్నాకే తాగాను, ఏమీ కాలేదనుకున్నాను, సాయంత్రానికి మొదలై మర్నాటి దాకా దిగలేదని ఇంకొకరు. రెండూ నిజమే కావచ్చు. వీటిని పక్కన పెట్టుకుని మనవాళ్లు చెప్పే సూత్రం మాత్రం సారా కొట్టు నుంచి అరువు తెచ్చుకున్నది: కడుపులో ఏదైనా పడితే మత్తు ఎక్కదు అని. మద్యానికి అది చాలావరకు నిజం. గంజాయి మొక్కకు కాదు.

మద్యం నీళ్లలో కలిసిపోయే పదార్థం. కడుపులో అన్నం ఉంటే అది చిన్నపేగుకు చేరడం నెమ్మదిస్తుంది. కొద్దికొద్దిగా వచ్చినదాన్ని కాలేయం ఎప్పటికప్పుడు విరిచేస్తుంటుంది కాబట్టి రక్తంలో మోతాదు అంతగా పెరగదు. గంజాయిలో మత్తుకు మూలం టీహెచ్‌సీ అనే పదార్థం. 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రఫాయెల్ మెషూలం, యెహియేల్ గవోనీ దాన్ని విడదీసి నిర్మాణం చెప్పారు. అది నీళ్లలో దాదాపు కరగదు, కొవ్వులో మాత్రం ఇట్టే కరుగుతుంది. తిండికీ గంజాయి మత్తుకూ ఉన్న సంబంధం చాలావరకు ఈ ఒక్క గుణం మీదే ఆధారపడి ఉంది.

భంగులో పాలూ నెయ్యీ ఎందుకు?

ఆకు పసరు వాసన పోవడానికి అంటారు. అదీ నిజమే. అయితే పాల మీగడలో, బాదంలో, గసగసాల్లో ఉన్న కొవ్వు ఇంకో పని కూడా చేస్తుంది. ఆకులోని టీహెచ్‌సీ ఆ కొవ్వులోకి దిగి, దానితోపాటే పేగులో ఒంటికి పడుతుంది. ఇది మన పాత వైద్యులకు అనుభవంతో తెలిసే ఉంటుంది. ఆయుర్వేదంలో ఈ ఆకును శుద్ధి చేసే ఒక పద్ధతి ఇలా ఉంటుంది: ఆవుపాలలో ఉడికించి, కడిగి, ఆరబెట్టి, నేతిలో వేయించడం. జాతీఫలాది చూర్ణంలో, మదనకామేశ్వరి లేహ్యంలో పడేది ఇలా శుద్ధి చేసిన ఆకే.

వేయించడం వల్ల కూడా తేడా వస్తుంది. పచ్చి ఆకులో టీహెచ్‌సీ నేరుగా ఉండదు, దాని ఆమ్ల రూపం ఉంటుంది. అది మత్తెక్కించదు. వేడి తగిలితే ఆ ఆమ్లం విరిగి టీహెచ్‌సీ అవుతుంది. ఆకు ఎండుతూ, నిల్వ ఉండే కొద్దీ కూడా కొంత అవుతుంది. అందుకే ఒకే ఆకు అయినా, ఒక ఇంట్లో నూరి కలిపిన గ్లాసుకూ మరో ఇంట్లో నేతిలో వేయించి కలిపిన గ్లాసుకూ పోలికే ఉండదు.

పొగ నిమిషాల్లో ఎక్కుతుంది, భంగు ఎందుకు గంటలు తీసుకుంటుంది?

పొగ ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు పోతుంది. మధ్యలో జీర్ణాశయం ప్రమేయం లేదు కాబట్టి భోంచేసి పీల్చినా, ఖాళీ కడుపున పీల్చినా టీహెచ్‌సీ ఒంటికి పట్టడంలో పెద్ద తేడా ఉండదు. తిన్నది, తాగినది అయితే కడుపు దాటి, చిన్నపేగు దాటి, అక్కడి రక్తమంతా పోయే కాలేయం గుండా వెళ్లాలి. కాలేయం అందులో చాలాభాగాన్ని అక్కడికక్కడే మార్చేస్తుంది. నోటి ద్వారా పోయిన టీహెచ్‌సీలో నూటికి పది పాళ్లో, అంతకన్నా తక్కువో మాత్రమే టీహెచ్‌సీగా రక్తంలోకి చేరుతుంది.

అయితే కాలేయం మార్చినదంతా వ్యర్థం కాదు. మొదట తయారయ్యే 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీ కూడా మత్తు పదార్థమే. మెదడులోకి తేలిగ్గా చొరబడుతుంది కూడా. పొగలో ఇది కొద్దిగానే తయారవుతుంది, భంగులో చాలా ఎక్కువ. పొగకు అలవాటుపడ్డ మనిషి కూడా ఒక గ్లాసు భంగుకు తలకిందులవడానికి ఇదొక కారణం. మామూలుగా అరగంట నుంచి రెండు గంటల మధ్య మొదలై, రెండు నుంచి నాలుగు గంటలకు పతాకస్థాయికి వెళ్లి, ఆరేడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సేపు నిలుస్తుంది.

మరి భోజనం ఏం చేస్తుంది?

దీనికి మంచి సాక్ష్యం ఒక మందు దగ్గర దొరుకుతుంది. డ్రోనాబినాల్ అంటే ప్రయోగశాలలో తయారుచేసిన టీహెచ్‌సీయే. నువ్వుల నూనెలో కరిగించి గుళికల్లో పెడతారు. కేన్సర్ చికిత్సలో వచ్చే వాంతులకు 1985లో, ఎయిడ్స్ రోగుల్లో ఆకలి చచ్చిపోయి బరువు తగ్గడానికి 1992లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. కొవ్వు బాగా ఉన్న భోజనం తర్వాత ఆ గుళిక ఇచ్చి చూస్తే పతాకస్థాయి నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చింది. ఆ పతాకస్థాయి ఎత్తు పెద్దగా మారలేదు. కానీ మొత్తం మీద ఒంటికి పట్టిన టీహెచ్‌సీ 2.9 రెట్లయింది. గంజాయి మొక్కలోనే ఉండే, మత్తు లేని సీబీడీతో మూర్ఛలకు తయారుచేసిన మందూ ఇంతే. 2018లో అనుమతి పొందిన ఆ ద్రావణం కొవ్వు భోజనంతో తీసుకుంటే నాలుగు రెట్లు ఎక్కువగా ఒంటికి పడుతుంది.

ఎలా? కొవ్వు తిన్నప్పుడు పిత్తరసం ఊరుతుంది, పేగు గోడలో సన్నటి కొవ్వు బిందువులు తయారవుతాయి. అవి రక్తనాళాల్లోకి పోకుండా శోషరస నాళాల్లోకి పోతాయి. టీహెచ్‌సీలో కొంత ఆ బిందువుల్లో దూరి, టోల్‌గేటు తప్పించుకుని పక్క ఊళ్ల దారిన పోయే లారీలాగా, కాలేయం తాకకుండానే ఒంట్లోకి వెళ్లిపోతుంది. నువ్వుల నూనెతో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఈ దారి స్పష్టంగా కనిపించింది.

ఇప్పుడు మొదటి ఇద్దరి దగ్గరికి వద్దాం. ఉపవాసంతో తాగినాయనకు ద్రవం కడుపులో ఆగకుండా త్వరగా పేగుకు చేరింది, త్వరగా ఎక్కింది. పైగా పొద్దుటి నుంచి నీళ్లు కూడా సరిగా తాగని మనిషి. టీహెచ్‌సీ గుండె వేగం పెంచుతుంది, కూర్చున్నవాడు లేస్తే రక్తపోటు పడిపోయేలా చేస్తుంది. ఇలాంటప్పుడు కళ్లు తిరిగితే అందులో దీని వంతూ ఉంటుంది. పూరీలు తిన్నాయనకు ఆలస్యమైంది తప్ప తగ్గలేదు. పూరీల నూనె వల్ల ఆయన ఒంట్లోకి పోయింది ఎక్కువే అయ్యుండొచ్చు.

ప్రమాదం ఈ ఆలస్యంలోనే ఉంది. ఏమీ ఎక్కలేదే అని ఇంకో గ్లాసు తాగుతారు. 2014 జనవరిలో అమెరికాలోని కొలరాడోలో గంజాయి దుకాణాలు తెరిచారు. ఆ మార్చిలో పందొమ్మిదేళ్ల కుర్రాడొకడు ఒక గంజాయి బిస్కెట్‌లో ముక్క తిన్నాడు. అరగంటో గంటో చూసి ఏమీ లేదని మిగతాదంతా తినేశాడు. అందులో 65 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉంది, అక్కడి లెక్కన ఆరున్నర మోతాదులు. కొన్ని గంటలకు నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి కింద పడి చనిపోయాడు. అక్కడ కనీసం పొట్లం మీద అంకె ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల పోలీసులు పట్టుకుంటున్న గంజాయి చాక్లెట్లలో ఎంత ఉందో అమ్మినవాడికీ తెలియదు.

(చట్టం సంగతి అడిగేవాళ్ల కోసం: 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూత, కాయ ఉన్న కొసలనే గంజాయి అంటుంది. విడి ఆకును వదిలేసింది. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో లైసెన్సు ఉన్న భంగు దుకాణాలు అలా నడుస్తున్నాయి. ఆ కొసల గంజాయి దగ్గరుంటే మాత్రం ఎక్కడైనా నేరమే.)

మిఠాయి తింటే మత్తు పెరుగుతుందంటారు, పుల్లటివి తింటే దిగుతుందంటారు. నిజమేనా?

చక్కెరకు మత్తు పెంచే శక్తి ఉందనడానికి ఆధారం లేదు. కానీ ఆ పూట తినే మిఠాయిలేమిటో చూడండి: రబ్డీ, మలాయి, నేతి జిలేబీ. పెంచేది తీపి కాదు, నెయ్యీ మీగడా అని నా అనుమానం. భంగు ఇంకా పేగులో ఉండగానే ఆ కొవ్వు వచ్చి పడుతుంది. పైగా తినాలనిపించేదీ ఆ భంగే. టీహెచ్‌సీ మెదడులో ఆకలిని నడిపే చోట్ల పనిచేస్తుంది. 2014లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో అది వాసన శక్తిని పదునుపెట్టి తిండివైపు నడిపించడం చూశారు. మరుసటేడు ఇంకో బృందం, కడుపు నిండిందని చెప్పాల్సిన నాడీకణాలే టీహెచ్‌సీ లాగా పనిచేసే పదార్థాల వల్ల ఆకలి పుట్టిస్తున్నాయని చూపింది.

నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ మాట వేరు. ఒంటికి పట్టేసిన టీహెచ్‌సీని ఇవేవీ బయటికి లాగలేవు. నిమ్మతొక్క నూనెలో ఉండే లిమోనీన్‌ను టీహెచ్‌సీతో కలిపి ఆవిరిగా పీలిస్తే ఆందోళన కొంత తగ్గిందని 2024లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. అది ఆవిరి సంగతి, తగ్గిందీ ఆందోళనే, మత్తు కాదు. మజ్జిగ తాగితే నోరు ఎండిపోవడం తగ్గుతుంది, అంతవరకు మంచిదే. మద్యం మాత్రం ముట్టకూడదు. అది తోడైతే రక్తంలో టీహెచ్‌సీ ఇంకా పెరుగుతుందని మనుషుల మీదే చూశారు.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంటుంది: ఒంటి కొవ్వులో దాగిన గంజాయి, ఉపవాసం ఉంటే కరిగి మళ్లీ ఎక్కుతుందా? కొవ్వులో నిల్వ ఉండటం నిజం. 2013లో ఆస్ట్రేలియాలో రోజూ వాడేవాళ్ల చేత సైకిలు తొక్కించి చూస్తే రక్తంలో టీహెచ్‌సీ కాస్త పెరిగింది. తినకుండా ఉన్నందువల్ల మాత్రం పెరగలేదు.

మత్తు మితిమీరినవాళ్లకు బలవంతంగా తినిపించడం, వేలు పెట్టి కక్కించడం రెండూ ప్రమాదమే. స్పృహ సరిగా లేని మనిషికి ఆ తిండో, వాంతో ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎవరో ఒకరు దగ్గర కూర్చోవాలి. తాగినది పసిపిల్లలైతే మాత్రం దిగేదాకా చూద్దామని ఇంట్లో ఉంచకూడదు. వాళ్లకు ఊపిరే మందగించవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఏం తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి.