కాలిన చుట్ట - మూగబోయిన రేడియో



పాత ఇళ్లలో అటకల మీద అక్కడక్కడా పెద్ద చెక్కపెట్టె రేడియోలు కనిపిస్తుంటాయి. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ లాంటి పేర్లు వాటి మీద ఉంటాయి. లోపల ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులు ఉంటాయి. స్విచ్చి వేస్తే దీపం వెలుగుతుంది, వాల్వులు వెచ్చబడతాయి, మాట మాత్రం రాదు. "ఇంక ఇది పోయింది, పారేయండి" అంటారు. కానీ చాలాసార్లు పోయేది రేడియో కాదు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే ఒకే ఒక్క సామాను. దాని పేరు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు.

అది ఏం చేస్తుంది?

వాల్వు దగ్గర వోల్టేజి ఎక్కువ, కరెంటు తక్కువ. స్పీకరుకు కావలసింది తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు. ఈ రెండింటికీ మధ్యవర్తి ట్రాన్స్‌ఫార్మరు. ఉదాహరణకు, ఇఎల్ 84 అనే వాల్వు 250 వోల్టుల మీద పనిచేసేటప్పుడు దానికి సుమారు 5,200 ఓమ్‌ల లోడు కావాలి. స్పీకరు చూస్తే 4 ఓమ్‌లే. 5,200ను 4తో భాగిస్తే 1,300. దాని వర్గమూలం సుమారు 36. అంటే సెకండరీలో 1 చుట్టుకు ప్రైమరీలో 36 చుట్లు ఉండాలి. లెక్కల పీరియడులో నేర్చుకున్న వర్గమూలం ఇక్కడ పనికొచ్చింది చూశారా!

ఎందుకు పాడవుతుంది?

ప్రైమరీ తీగ వెంట్రుకంత సన్నం. వానాకాలం తేమకు రాగి మీద పచ్చగా చిలుము పట్టి తెగిపోతుంది. ఇది మొదటి కారణం. రెండోది, వాల్వు గ్రిడ్‌కు ముందున్న కప్లింగ్ కండెన్సరు లీకు కావడం. అప్పుడు గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజి వస్తుంది. వాల్వు మోతాదుకు మించి కరెంటు లాగుతుంది, చుట్ట మాడిపోతుంది. మూడోది, స్పీకరు తీగ ఊడిన రేడియోను పెద్ద సౌండుతో పెట్టడం. లోపల వోల్టేజి విపరీతంగా పెరిగి నిప్పురవ్వ దూకుతుంది.

ఎలా కనిపెట్టాలి?

ముందు ప్లగ్గు పీకాలి. అయినా ఫిల్టరు కండెన్సర్లలో కరెంటు నిలవ ఉంటుంది. 10,000 ఓమ్‌ల రెసిస్టరు ద్వారా దాన్ని దించేసి, మీటరుతో సున్నా అయిందో లేదో చూసుకోవాలి. తర్వాత స్పీకరు తీగ ఒకటి విడదీసి కొలవాలి. ప్రైమరీ కొన్ని వందల ఓమ్‌లు చూపాలి, సెకండరీ సాధారణంగా 1 ఓమ్ లోపే. ప్రైమరీలో మీటరు ముల్లు కదలకపోతే తీగ తెగినట్టే.

తెగిందని తెలిశాక స్విచ్చి వెయ్యొద్దు. ఆనోడుకు కరెంటు అందదు కాబట్టి భారమంతా స్క్రీన్ గ్రిడ్ మీద పడుతుంది. అది ఎర్రగా కాలి మంచి వాల్వు కూడా పోతుంది.

ఏం వెయ్యాలి?

అదే నిష్పత్తి ఉన్న ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు దొరికితే మేలు. లేదా పాతదాన్నే విప్పి, చుట్లు లెక్కపెట్టుకుంటూ తీసి, అదే మందం ఎనామిల్ తీగతో మళ్లీ చుట్టించవచ్చు. వరుస వరుసకూ మధ్య కాగితం వెయ్యాలి. ఇనుప రేకుల మధ్య సన్నటి కాగితం సందు ఉంటుంది, దాన్ని మూసెయ్యకూడదు. ప్రైమరీలో ఎప్పుడూ ఏకముఖ విద్యుత్తు ప్రవహిస్తుంది. సందు లేకపోతే ఇనుము అయస్కాంతత్వంతో నిండిపోయి శబ్దం చెడుతుంది.

230 వోల్టుల నుంచి 6 వోల్టులకు దించే మామూలు ట్రాన్స్‌ఫార్మరు నిష్పత్తి సుమారు 38. కాబట్టి పరీక్షకు, చిన్న సౌండుకు అది పనికొస్తుంది. కానీ దానిలో ఆ సందు ఉండదు, శాశ్వతంగా ఉంచకూడదు.

అసలు సంగతి

కొత్తది బిగించే ముందు పాతది ఎందుకు పోయిందో చూడాలి. కప్పు కారుతుంటే తడిసిన ధాన్యం ఆరబోసి ఏం లాభం? చుట్ట మాడి ఉంటే ఆ కప్లింగ్ కండెన్సరును తప్పకుండా మార్చాలి. అది కొద్ది రూపాయల సామాను. దాన్ని వదిలేస్తే కొత్త ట్రాన్స్‌ఫార్మరు కూడా మాడిపోద్ది.

చివరగా ఒక హెచ్చరిక. కొన్ని వాల్వు రేడియోల్లో ఇనుప చాసిస్‌కే మెయిన్స్ కరెంటు తగులుతుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పని తెలిసిన పెద్దలు పక్కన లేకుండా పెట్టె విప్పకండి. రేడియో మళ్లీ మాట్లాడాలి, మనమూ క్షేమంగా ఉండి వినాలి.