ఇల్లు కదలని యాత్ర: ఐరోపా చిత్రకళలో తూర్పు

మైదుకూరు నుండి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా గండికోటకు వెళ్లేవారు అక్కడి జామియా మసీదును, పెన్నా లోయను చూసి తిరిగివస్తారు. ఆ కోట విశేషాలు 17వ శతాబ్దంలోనే పారిస్ పాఠకులకు చేరిన సంగతి చాలామంది ఎరుగరు.

ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే 1652లో గండికోటకు వచ్చాడు. గోల్కొండ సుల్తాను మంత్రి మీర్ జుమ్లా కోటను జయించి అప్పటికి ఎంతోకాలం కాలేదు. మీర్ జుమ్లా కాలివేళ్ల సందున, ఎడమచేతి వేళ్ల సందున ఉత్తరాలు పెట్టుకొని, ఒక్కొక్కటే తీసి జవాబులు వ్రాయించేవాడని తావెర్నియే వర్ణించాడు. 1676లో పారిస్‌లో అచ్చయిన ఆ గ్రంథం చదివినవారు ఇల్లు కదలకుండానే కోటను దర్శించారు. తావెర్నియే తండ్రి పటాల వర్తకుడు. ఇంట్లో ఆ పటాల చుట్టూ జరిగే సంభాషణలే తనలో దేశాటన కాంక్షను రేపాయని అతడే చెప్పుకున్నాడు.

అక్షరం చేసిన ఈ పనినే చిత్రమూ చేసింది. హాలెండు చిత్రకారుడు రెంబ్రాంట్ తూర్పు దేశాలు చూడలేదు. అయినా డచ్చి వర్తకం ద్వారా ఆమ్‌స్టర్‌డామ్‌కు చేరిన మొగలు చిత్రాలను ముందుంచుకొని, ఇరవైకి పైగా రేఖాచిత్రాలు గీశాడు. చెట్టు క్రింద కూర్చున్న నలుగురు పెద్దల చిత్రం వాటిలో ఒకటి. అతడు అప్పులపాలైన 1656లోనే, ఆ కూర్పును అనుసరించి, హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) ఇంటికి దైవదూతలు అతిథులై వచ్చిన ఘట్టాన్ని రాగిరేకుపై చెక్కి అచ్చొత్తాడు. ప్రవక్తలను చిత్రించడం ముస్లిములకు సమ్మతం కాదు. ఇక్కడి ప్రస్తావన చరిత్ర కొరకే. ఆ అతిథులు భోజనం చేశారని బైబిలు చెబుతుంది. వారి చేతులు భోజనం వైపు సాగకపోవడం చూసి ఇబ్రాహీం భయపడ్డారని దివ్య ఖుర్ఆన్‌లోని హూద్ సూరా తెలుపుతుంది. రెంబ్రాంట్ బైబిలునే అనుసరించాడు, కాని అతిథులను నేలమీద కూర్చోబెట్టిన తీరు మాత్రం తూర్పుది.

ఐరోపా సంస్కృతి గ్రీకు, రోము, చర్చి అనే మూడింటితోనే ఏర్పడిందని వాదించేవారు ఈ ఒక్క బొమ్మను చూస్తే చాలు. అయితే ఇది సమానుల మధ్య జరిగిన ఇచ్చిపుచ్చుకోవడం అనుకోరాదు. ఆ నలుగురు పెద్దలు ఎవరో తెలుసుకోవలసిన అవసరం చిత్రకారునికి కలగలేదు. వారు అతనికి ప్రాచీన కాలపు వేషం, అంతే.

నేడు మైదుకూరులో చేతి ఫోనులోనే ఈ రెండు బొమ్మలనూ ప్రక్కప్రక్కన చూడవచ్చు. రేఖాచిత్రం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. వియన్నాలోని షోన్‌బ్రున్ రాజసౌధానికి చేరిన అటువంటి మొగలు చిత్రాలను 18వ శతాబ్దంలో కత్తిరించి, ముక్కలు కలిపి, గోడల చట్రాలలో అలంకారంగా బిగించారు.