పలకమీది రణరంగము

రేడియో నాటకము వినుట అలవాటైన ఇండ్లలో ఒక సంగతి అందరికిని అనుభవములోనిదే. తలుపు కిర్రుమన్న చప్పుడు, మెట్లమీద అడుగుల సవ్వడి, ఒక నిట్టూర్పు: ఇంతమాత్రమే మన చెవిని బడును. అయినను ఆ ఇల్లు, ఆ మెట్లు, నిట్టూర్చిన మనిషి ముఖము మన మనస్సున రూపుకట్టును. ఒక్కొక్క శ్రోత కట్టుకొనిన ఇల్లు ఒక్కొక్క తీరుగా నుండును. అందువలన నాటకమునకు వచ్చిన నష్టమేమియు లేదు. కాని ఆ శ్రోతలందరును అదే ఇంటిలో కత్తులు దూసి పోరాడవలసి వచ్చినచో? అప్పుడు తలుపునకు మెట్లు ఎంత దూరమో, స్తంభము చాటున ఎవరున్నారో అందరికిని ఒకే విధముగా తెలియవలెను. ఈ చిక్కు నిజముగనే ఏర్పడిన ఆట ఒకటి కలదు. దానికి టాబ్లెట్ అను విద్యుత్పలక ఏవిధముగా తోడ్పడునో, ఎచ్చట అడ్డుపడునో ఇప్పుడు వివరింపదలచినాము.

ఆ ఆట పేరు డన్జన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు దీనిని రూపొందించిరి. 1974లో ఇది వెలువడినది. మొదటి ముద్రణ వేయి ప్రతులు మాత్రమే. నలుగురైదుగురు ఒక బల్లచుట్టును కూర్చుందురు. వారిలో ఒకరు నిర్వాహకులు. కథాస్థలమును వర్ణించుట, రాక్షసులకును రాజులకును బాటసారులకును గొంతు నిచ్చుట ఆయన పని. తక్కినవారు తలకొక పాత్రను వహించి, ‘నేను తలుపు త్రోయుచున్నాను’, ‘నేను దీపము పట్టుకొని వెనుక నిలుతును’ అని తమ చేతలను మాటలతో చెప్పుదురు. ఫలితము సందేహముగా నున్నచోట ఇరువది ముఖముల పాచికను దొర్లింతురు. ఒకరిపై ఒకరు గెలుచుటకంటె కలసి కథ నల్లుటయే ఇందు ముఖ్యము.

ఈ ఆట వంశమును వెదకుచు పోయినచో మన చదరంగము దగ్గరకే చేరుదుము. చతురంగము భారతదేశమునుండి పారసీకము మీదుగా పడమటికి ప్రయాణించినది. 1780లో జర్మను దేశపు బ్రున్స్విక్ నగరమున హెల్విగ్ అను విద్వాంసుడు చదరంగమును విస్తరించి ఒక యుద్ధక్రీడను కల్పించెను. తరువాత ప్రష్యాలో రైస్విట్స్ అనునతడు 1812లో తమ రాజునకు అట్టి ఆటబల్ల నొకదానిని సమర్పించెను. అతని కుమారుడు 1824లో నిజమైన భూపటములమీద ఆడు పద్ధతిని ప్రకటించెను. ఆ పద్ధతిలో మధ్యవర్తి ఒకడుండును. శత్రుసైన్యములో ఎంతభాగము కంటికి ఆనునో అంతభాగమునే పటముమీద నుంచుట అతని విధి. చూడశక్యము కానిది పటముమీద నుండరాదు. ఈ ఒక్క సూత్రమే నేటి టాబ్లెట్ వినియోగమునకు కూడ ప్రాణము.

ఇక పటము సంగతి. 1974 నాటి నియమములలో గుహలయందు ఒక అంగుళము పది అడుగులకు సమానము. నేడు వాడుకలోనున్న లెక్కలో అంగుళము చదరపు గడి ఒకటి ఐదడుగులకు గుర్తు. బల్లమీద గడులు గీసిన పరపును పరచి, తడిగుడ్డతో తుడిచిన పోవు సిరాతో గోడలు, తలుపులు గీసి, చిన్న బొమ్మలను నిలుపుదురు. ఇది చవుకైన పద్ధతి. నేటికిని మంచి పద్ధతియే. దానిలో లోపము ఒక్కటే. కథ ఉద్రిక్తమైన ఘట్టమునకు వచ్చినప్పుడే నిర్వాహకుడు మాట మాని, తల వంచి గీతలు గీయుచు కూర్చుండును. ముందే గీసి ఉంచినచో రహస్యము బయటపడును.

ఈ చోట టాబ్లెట్ అక్కరకు వచ్చును. పటమును ముందుగనే సిద్ధముచేసి, సమయము రాగానే పలకను బల్లమధ్య నుంచినచో సరిపోవును. అయితే దాని కొలత నెరిగి వాడవలెను. 2010లో వెలువడిన మొదటి ఐప్యాడ్ తెరలో పొడవున 1024, వెడల్పున 768 చుక్కలుండెను. అంగుళమునకు 132 చుక్కలు. భాగించి చూచినచో పొడవు ఏడుముప్పాతిక అంగుళములు, వెడల్పు ఆరింటికి కొంచెము తక్కువ. అనగా పూర్తి గడులు పొడవున ఏడు, వెడల్పున ఐదు, మొత్తము 35. 2015లో వచ్చిన పెద్ద ఐప్యాడ్ ప్రోలో ఈ లెక్క పదియును ఏడును, మొత్తము 70.

ఈ అంకెల అర్థమేమి? ఆటలో సామాన్య మానవపాత్ర ఒక వంతులో ముప్పది అడుగులు, అనగా ఆరు గడులు నడువగలదు. చిన్న పలకమీద ఒకే వంతులో ఈ అంచునుండి ఆ అంచునకు చేరినట్లే. మంత్రవేత్త విసరు అగ్నిగోళము ఇరువది అడుగుల వ్యాసార్ధము గలది. అడ్డముగా ఎనిమిది గడులు. అది పేలినచో పలక మొత్తము మంటలపాలగును! కావున చిన్న టాబ్లెట్ ఒక గదికి, వంతెనకు, సత్రపు వసారాకు తగినదేకాని మైదానమునకు తగినది కాదు. విశాలమైన చోటు చూపవలసినప్పుడు గడిని అర అంగుళమునకు తగ్గించి, బొమ్మలకు బదులు గుండీలు వాడవచ్చును. లేదా పటమును దూరపుచూపునకు మాత్రమే ఉంచుకొని, పోరును పాత పరపుమీదనే నడపవచ్చును.

రెండవ చిక్కు స్పర్శకు సంబంధించినది. ఈ తెరలో కంటికి కనబడని విద్యుద్వాహకపు అల్లిక ఉన్నది. మన శరీరము విద్యుత్తును గ్రహించునది గనుక వ్రేలు సోకగానే అచ్చటి విద్యుత్ స్థితి మారును. దానిని పలక ఆజ్ఞగా గ్రహించును. ప్లాస్టిక్ బొమ్మవలన ఈ మార్పు కలుగదు. లోహపు బొమ్మను చేతబట్టి జరిపినచో చేతి స్పర్శ బొమ్మద్వారా తెరకు చేరి, పటము కదలిపోవచ్చును; అద్దము గీతలు కూడ పడవచ్చును. అందువలన తెరపై ఒక పారదర్శకమైన పలుచని ఫలకము నుంచుట మేలు. స్పర్శను తాత్కాలికముగా నిలిపివేయు ఏర్పాటున్నచో దానిని వాడుట మరింత మేలు. కొంతసేపు ముట్టుకొననిచో తెర తానే ఆరిపోవు అలవాటును కూడ ముందుగనే మాన్పించవలెను.

మూడవది అన్నింటికంటె ముఖ్యము. ఒక సాయంకాలము మేము నిర్వాహకత్వము వహించి, పాడుపడిన దేవాలయము పటమును పలకమీద చూపితిమి. బలిపీఠము వెనుకనున్న చీకటిగదిని తెర అంచునకు ఆవలగా జరిపి, అది చాలునని తలచితిమి. ఒక ఆటగాడు ద్వారమును సరిగా చూడవలెనని రెండు వ్రేళ్లు తెరపై ఆనించి దగ్గరకు లాగెను. పటము కుంచించుకొని చీకటిగదియు, అందు పొంచియున్న శత్రువులును బయటపడిరి. అందరును చూచిరి. ‘మా పాత్రలు దీనిని చూడలేదు, చూడనట్లే ఆడుదుము’ అని వారు పెద్దమనస్సుతో అనిరి. అట్లే ఆడిరి కూడ. కాని పీఠము దగ్గరకు రాగానే ప్రతివాని చేయియు ఒక్క క్షణము ఆగెను. తెలిసినదానిని తెలియనిదిగా చేయుట ఎవరి తరమును కాదు. ఆనాటి భయము, ఆనాటి ఆశ్చర్యము తిరిగి రాలేదు.

నాటినుండి మేము పాటించు పద్ధతి ఇది. రహస్యమును కప్పియుంచిన పటమును గాక, రహస్యమే లేని పటమును బల్లమీద ఉంచుదుము. ఒకే స్థలమునకు మూడు నాలుగు చిత్రములు చేసుకొని, తలుపు తెరచినకొలది ఒక్కొక్కటి చూపుదుము. రెండు యంత్రములున్నవారు పూర్తిపటమును తమచెంతనే ఉంచుకొని, నల్లని పొరను కొంచెము కొంచెముగా తొలగించుచు ఆటగాండ్ర పలకకు పంపవచ్చును. ఏవిధముగానైనను, లేనిది జారిపోదు గదా!

పలక వచ్చిన తరువాత మాట తగ్గునేమో యని కొందరు శంకింతురు. ఆ శంక నిరాధారము కాదు. చక్కని బొమ్మ ఎదుట నున్నప్పుడు నిర్వాహకుడు వర్ణన మానుట సులభము. ఆటగాండ్రు ఒకరి ముఖమొకరు చూడక తెరనే చూచుట అంతకంటె సులభము. అందుచేత మొదట మాటతో స్థలమును కట్టి, పోరు మొదలైనప్పుడే పలకను ముందుంచి, ముగియగానే తీసివేయుట మంచిదని మా అనుభవము. దూరము, దిక్కు, అడ్డు: ఈ మూడింటిని పటము చెప్పవలెను. తడిసిన రాతి వాసనను, దూరమున వినవచ్చు గొలుసుల చప్పుడును పటము చెప్పజాలదు. అవి నేటికిని చెప్పువాని గొంతులోను, వినువాని మనస్సులోను ఉన్నవి.