పసిబిడ్డ పాలిపోతే లోహభస్మము పెట్టవచ్చునా?

మాడుగులపల్లి, మిర్యాలగూడ ప్రాంతపు గృహిణులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "బిడ్డ పుట్టినప్పుడు ఎర్రగా, బొద్దుగా ఉన్నాడు. ఆరు నెలలు దాటినప్పటినుండి పాలిపోతున్నాడు. లోహభస్మము పెట్టవచ్చునా?" అని. రక్తపరీక్ష చేయించకుండా పెట్టవద్దని నా మనవి. కారణము వివరిస్తాను.

రక్తహీనతలన్నీ ఒకటి కావు. ఇనుము చాలక వచ్చే పాండురోగానికి మునగాకు, తోటకూర, రాగులు, వైద్యుడు నిర్ణయించిన లోహయోగాలు మేలు చేస్తాయి. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది ఇదే. కాని తల్లిదండ్రుల నుండి సంక్రమించే తలసీమియా, సికిల్ సెల్ వ్యాధులలో మూలదోషము ఇనుములో లేదు. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌ను తయారుచేయించే జన్యువులో ఉన్నది. బీజంలో ఏ భాగము చెడితే దానినుండి పుట్టవలసిన అవయవము వికృతి చెందుతుందని చరక సంహిత శారీరస్థానము చెప్పిన విషయము ఇక్కడ స్మరింపదగినది.

మరి ఆరు నెలల వరకు బిడ్డ ఎలా బాగున్నాడు? గర్భంలోని శిశువు తల్లి రక్తము నుండి ప్రాణవాయువును గ్రహించుటకు ప్రకృతి వేరొక హిమోగ్లోబిన్‌ను ఏర్పరచినది. దానిని తయారుచేయుటకు గామా జన్యువు అవసరము. బిడ్డ పుట్టిన పిదప గామా జన్యువు క్రమంగా నిద్రలోకి జారుతుంది, బీటా జన్యువు మేల్కొంటుంది. సికిల్ సెల్‌లోను, బీటా తలసీమియాలోను దోషము ఈ బీటా జన్యువులోనే. గామా పనిచేసినంత కాలము అది బయటపడదు. సికిల్ సెల్ గల పసిబిడ్డలను తొలి నెలలలో ఈ గర్భస్థ హిమోగ్లోబినే కాపాడుచున్నదని జానెట్ వాట్సన్ అనే అమెరికా వైద్యురాలు 1948లోనే సూచించినది.

అయితే గామా జన్యువును తిరిగి మేల్కొల్పలేమా? దానిని నిద్రపుచ్చే ప్రధాన ప్రోటీను బి.సి.ఎల్.11ఎ అని 2008లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. హైడ్రాక్సీయూరియా అనే మందు గామాను కొంతవరకు మేల్కొలిపి, సికిల్ సెల్ రోగుల నొప్పులను తగ్గిస్తుంది. దీనిని వైద్యుని పర్యవేక్షణలోనే, తరచు రక్తపరీక్షలతో వాడవలెను. రోగి మూలకణాలను బయటికి తీసి, రక్తకణాలలో ఆ ప్రోటీనును పనిచేయించే మీటను కత్తిరించి తిరిగి ఎక్కించే చికిత్సకు 2023 చివరలో బ్రిటన్, అమెరికా ఆమోదము తెలిపాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు! మధ్యతరగతి కుటుంబానికి అది అందని పండే.

కనుక మన చేతిలో ఉన్న పని చూద్దాము. తీవ్రమైన తలసీమియా గల బిడ్డకు రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తము ఎక్కించవలసి ఉంటుంది. ఒక్కొక్క సంచి రక్తంతో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము శరీరంలో చేరుతుంది. దానిని బయటికి పంపే సహజమార్గము శరీరానికి లేదు. గుండె, కాలేయము, గ్రంథులలో అది పేరుకొని ప్రాణాపాయము కలిగిస్తుంది. అందుకే ఇనుమును తొలగించే మందులు ఇస్తారు. ఆ బిడ్డకే మనము లోహభస్మమో, ఐరన్ టానిక్కో పోస్తే అగ్నికి ఆజ్యము పోసినట్లే.

పాలిపోయిన బిడ్డకు ముందుగా సంపూర్ణ రక్తపరీక్ష, వైద్యుని సలహాపై హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ చేయించండి. హైదరాబాదులో 1998లో స్థాపించబడిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఈ రోగులకు సేవ చేయుచున్నది.

మరొక్క మాట. దోషము మోసే భార్యాభర్తలు పైకి ఆరోగ్యవంతులుగానే ఉంటారు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశము 25 శాతము. మేనరికాలలో ఒకే దోషము ఇరువైపులా ఉండే అవకాశము ఎక్కువ. జాతకాలు చూపించే పెద్దలు వధూవరుల రక్తము కూడ ఒకసారి చూపించవలెను. పెండ్లి అయిపోయి ఉంటే, గర్భము నిలిచిన తొలి వారాలలోనైనా ఈ పరీక్ష చేయించుకొనుట మరువరాదు.