గంట లేని గంటానాదం

మా విద్యార్థి ఒకడు ఎలమంచిలిలో పెండ్లి ఊరేగింపున కీబోర్డు వాద్యం విని వచ్చి, "గంట స్పష్టంగా మ్రోగిందండీ. ఆ పెట్టెలో గంట ఎక్కడున్నది?" అని అడిగినాడు. మేము తెలుగు బోధించువారము, భౌతికశాస్త్రజ్ఞులము కాము. అయినను ఈ ప్రశ్నకు మన మాటలలోనే సమాధానం చెప్పవచ్చునని మా నమ్మకం.

నేటి వాద్యాలలో పెక్కింట ముందే ముద్రించిన గంటధ్వని ఉంటుంది. కాని గంట ఊసే లేకుండ, కేవలం రెండు తరంగాలతో ఆ నాదాన్ని పుట్టించే ఉపాయం ఒకటున్నది. అదే ఎఫ్.ఎం. సంశ్లేషణ.

వైణికుడు తీగను ఊపగా స్వరం పైకి క్రిందికి ఊగుతుంది. మన పెద్దలు దానిని కంపిత గమకమన్నారు. శాస్త్రజ్ఞులు పౌనఃపున్య మాడ్యులేషన్ అంటారు. సెకనుకు ఐదారు ఊపులైతే చెవి వాటిని ఊపులుగానే గుర్తిస్తుంది. 1967లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ అను సంగీతకారుడు కంప్యూటరుపై ఈ ఊపును మిక్కిలి వేగిరపరచినాడు. ఊపు మాయమై, క్రొత్త నాదగుణం వినవచ్చింది!

ఊగే స్వరం వాహకం. అది 400 హెర్ట్జ్ అనుకొందము. ఊపే తరంగం 100 అయినచో, వాహకానికి ఇరుప్రక్కల 300, 500, ఆపై 200, 600 ఇట్లు పార్శ్వస్వరాలు పుడతాయి. అన్నియు 100కు గుణిజాలే కనుక చెవిలో ఒకే శ్రుతిగా కలిసిపోతాయి. ఊపే తరంగాన్ని 560 చేయండి. పైన 960, 1520 వస్తాయి. క్రింద లెక్క సున్నను దాటి రుణసంఖ్యలలోనికి పోతుంది. ఆ స్వరాలు దశ తలక్రిందులై 160, 720గా వినిపిస్తాయి. ఇవి ఒకటి, రెండు, మూడు అను వరుసలో ఒదగవు. ఆ ఒదగనితనమే కంచుమ్రోత. ఊపు లోతు హెచ్చితే పార్శ్వస్వరాలు బలపడతాయి. కనుక మొదట లోతుగా ఊపి, ధ్వనితోపాటు ఆ లోతును క్రమంగా తగ్గిస్తే గంట మ్రోగి అణగినట్లే ఉంటుంది.

విశాఖ ఎఫ్.ఎం. రేడియోదీ ఇదే సూత్రం. అయితే అక్కడ వాహకం సెకనుకు కోట్ల కంపనాలది, చెవికందదు. రేడియోపెట్టె ఆ ఊపును మాత్రమే విడదీసి వినిపిస్తుంది.

చౌనింగ్ వ్యాసం 1973లో వెలువడింది. యమహా సంస్థ 1983లో డి.ఎక్స్.7 వాద్యాన్ని తెచ్చింది. 1986లో ఇళయరాజా 'పున్నగై మన్నన్' చిత్రానికి కంప్యూటరు సంగీతం కూర్చినారు. తెలుగువారికి అది 'డాన్స్ మాస్టర్'.

అంతా విని ఆ విద్యార్థి, "మా తాతగారి సన్నాయి కూడ వస్తుందాండీ?" అన్నాడు. బాకా ధ్వనిని చౌనింగ్ సాధించినాడు. సన్నాయిలోనో, ఊపిరీ పెదవీ క్షణక్షణమూ స్వరాన్ని మార్చుతుంటాయి. ముందు తాతగారి వాదనను శ్రద్ధగా విని రమ్మన్నాము.